బ్యాంకు వెనక్కిచ్చిన హోమ్ లోన్ వడ్డీని రిటర్న్‌లో ఎక్కడ చూపాలి?

ఎక్కువ వసూలు చేసిన హోమ్ లోన్ వడ్డీని బ్యాంకు వెనక్కిచ్చింది, దాన్ని రిటర్న్‌లో ఏం చేయాలని ఒక టీచర్ అడిగారు. ఆయనకి 2025 ఆగస్టులో రాసిన జవాబిది, గడువులన్నీ అప్పటివే. ముందు జవాబు చెప్పేస్తాను మాస్టారూ, కారణాలు తర్వాత. బ్యాంకు మీ ఖాతాలో వేసిన 41,600 రూపాయలు మీకు ఆదాయం కాదు, దాన్ని ‘ఇతర ఆదాయం’ కింద చూపక్కర్లేదు. అలాగని మీ ఊళ్లో రిటర్న్‌లు వేసే అబ్బాయి చెప్పినట్టు మర్చిపోయే డబ్బూ కాదు. ఏ సంవత్సరం వడ్డీ వెనక్కి వచ్చిందో ఆ సంవత్సరం మీరు క్లెయిమ్ చేసిన వడ్డీలోంచి అది తగ్గాలి. అదీ ఆ క్లెయిమ్ వల్ల మీకు నిజంగా పన్ను తగ్గినంత మేరకే. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా లెక్కలే.

మీరు రాసిందాంట్లోంచి నాకు అర్థమైంది ఇదీ. మీరు కావలి దగ్గర జడ్పీ హైస్కూల్లో పని చేస్తున్నారు, నెల్లూరు వేదాయపాళెంలో ఇల్లు, అందులో మీ కుటుంబమే ఉంటోంది, లోన్ మీ ఒక్కరి పేరునే ఉంది. సాంక్షన్ లెటర్‌లో రాసిన స్ప్రెడ్ (మూల రేటు పైన బ్యాంకు కలిపే శాతం) ఒకటైతే 2022 సెప్టెంబర్ నుంచి బ్యాంకు సిస్టమ్‌లో వేసింది ఇంకొకటి. మీరు తిరిగి తిరిగి అడిగితే 2025 జనవరిలో ఒకేసారి 41,600 ఎస్బీ ఖాతాలో వేశారు. ఇందులో 2022-23కి 11,200, 2023-24కి 17,900, 2024-25కి 12,500 అని బ్రాంచిలో నోటిమాటగా చెప్పారు. పాత పన్ను విధానంలోనే ఉన్నారు, 20 శాతం స్లాబు. 2024-25 ఇంట్రెస్ట్ సర్టిఫికెట్‌లో 1,86,400 అని ఉంది, రీఫండ్ ఊసే లేదు. టెక్సాస్‌లో ఉన్న మీ మేనల్లుడు మాత్రం ‘అది అదర్ ఇన్‌కమ్ మామయ్యా, చూపించాల్సిందే’ అన్నాడు.

మేనల్లుడిది తప్పు లేదు, అతను చెప్పింది అక్కడి రూలు. అమెరికాలో లోన్ ఇచ్చిన సంస్థ ఏటా ఫారం 1098 ఇస్తుంది, గత సంవత్సరాల్లో ఎక్కువ కట్టిన వడ్డీ వెనక్కిస్తే అందులో నాలుగో బాక్సులో పడుతుంది. ఆ మొత్తాన్ని ఈ సంవత్సరం కట్టిన వడ్డీలోంచి తీసేయడానికి అక్కడ వీల్లేదు, షెడ్యూల్ 1లో ఇతర ఆదాయంగా చూపాలి. అది కూడా ఆ పాత సంవత్సరంలో ఖర్చుల్ని విడివిడిగా రాసి క్లెయిమ్ చేసి లాభపడిన వాళ్లకే, స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు రాయక్కర్లేకుండా ఇచ్చే ఒకే మొత్తం మినహాయింపు) తీసుకున్నవాళ్లకి ఆ బాధ లేదు. మన చట్టంలో అలాంటి బాక్సూ లేదు, అలాంటి లైనూ లేదు. నెల్లూరులో ఇంటికొకరు అమెరికాలో ఉన్నట్టుంది పరిస్థితి, కాబట్టి ఈ సలహా నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నోట విన్నాను.

మన దగ్గర ఎందుకు ఆదాయం కాదో చూడండి. పుట్టికి పది కేజీలు ఎక్కువ తరుగు తీసిన దళారీ, గొడవ చేశాక ఆ డబ్బు వెనక్కిస్తే రైతుకి కొత్తగా రాబడి వచ్చినట్టా? తన డబ్బు తనకొచ్చింది, అంతే. చట్టం పరంగా చెప్పాలంటే, ఒకప్పుడు ఖర్చుగా చూపించిన అప్పు తర్వాత మాఫీ అయితే దాన్ని ఆదాయంగా లెక్కేసే సెక్షన్ 41(1) వ్యాపారం, వృత్తి లెక్కలకే వర్తిస్తుంది, ఇంటి ఆదాయానికి కాదు. ఇంటి ఆదాయం విభాగంలో పాత డబ్బు తర్వాత చేతికొస్తే పన్ను వేసే సెక్షన్ 25ఏ ఉంది గానీ అది అద్దె బకాయిల కోసం. వడ్డీ రీఫండ్ గురించి అందులో ఒక్క మాట లేదు.

మరి ఎందుకు తగ్గించాలంటారా? సెక్షన్ 24(బి) ఇచ్చే మినహాయింపు ఆ సంవత్సరానికి మీరు ‘చెల్లించవలసిన’ వడ్డీ మీద. కట్టారా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మీ స్టాఫ్‌రూమ్‌లోనే ప్రభుత్వం నుంచి హౌస్ బిల్డింగ్ అడ్వాన్స్ తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, వాళ్లకి ముందు అసలు కోత పూర్తయ్యాకే వడ్డీ కోత మొదలవుతుంది, అయినా ఏ సంవత్సరం వడ్డీ ఆ సంవత్సరమే లెక్కగట్టి క్లెయిమ్ చేసుకుంటారు. కట్టకపోయినా క్లెయిమ్ ఇచ్చే సెక్షన్, కట్టినా సరే చెల్లించవలసిన దానికంటే ఎక్కువైన భాగానికి ఇవ్వదు. మీ సాంక్షన్ లెటర్ ప్రకారం 2023-24లో మీరు బాకీ పడిన వడ్డీ, బ్యాంకు వసూలు చేసినదానికంటే 17,900 తక్కువ. బ్యాంకే ఒప్పుకుని వెనక్కిచ్చింది కూడా. కాబట్టి ఆ సంవత్సరం సరైన అంకె తగ్గించిన అంకే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి, చాలామంది ఇది కలిపేస్తారు. మీది బ్యాంకు తప్పు, మొదటి రోజు నుంచీ ఆ వడ్డీ మీరు బాకీ లేరు. అలా కాకుండా, అప్పట్లో అగ్రిమెంట్ ప్రకారం సరిగ్గానే వేసిన వడ్డీని తర్వాత ఏదో స్కీమ్ కిందో, కస్టమర్ పోతాడన్న భయంతోనో బ్యాంకు ఇప్పుడు తగ్గిస్తే, పాత రిటర్న్ తప్పు కానే కాదు. అలాంటిది వచ్చిన సంవత్సరం వడ్డీలోంచే తగ్గించడం నా పద్ధతి, పాత రిటర్న్‌ల జోలికి పోను. కోవిడ్ మారటోరియం (ఈఎంఐలు వాయిదా వేసుకునే వీలు) గుర్తుందిగా, 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు వడ్డీ మీద పడ్డ వడ్డీని రెండు కోట్ల లోపు లోన్లకి కేంద్రం ఎక్స్‌గ్రేషియాగా ఇచ్చింది, నవంబర్ 5లోగా ఖాతాల్లో వేయమంది. అది దాదాపు అంతా ఒకే ఆర్థిక సంవత్సరంలో తిరిగొచ్చింది కాబట్టి ఎవరికీ తలనొప్పి రాలేదు, ఆ ఏడాది సర్టిఫికెట్ అంకెలోంచి తీసేస్తే సరిపోయింది.

ఇప్పుడు మీ లెక్క. మూడు సంవత్సరాలూ మూడు రకాలుగా తేలుతున్నాయి, అందుకే ఇంత రాస్తున్నాను.

2022-23లో మీ సర్టిఫికెట్ 2,14,600, మీరు క్లెయిమ్ చేసింది 2,00,000, ఎందుకంటే సొంతంగా ఉండే ఇంటికి అంతకు మించి ఇవ్వరు. రీఫండ్ 11,200 తీసేస్తే 2,03,400. ఇంకా రెండు లక్షల పైనే ఉంది. అంటే మీరు ఎక్కువ కట్టిన ఆ వడ్డీ వల్ల ఒక్క రూపాయి పన్ను కూడా మీకు తగ్గలేదు, ఆ సంవత్సరం క్లెయిమ్ అప్పుడూ రెండు లక్షలే, ఇప్పుడూ రెండు లక్షలే. ఆ సంవత్సరానికి చేయాల్సింది ఏమీ లేదు, రిటర్న్ ముట్టుకోవద్దు. పెద్ద లోన్లున్నవాళ్లు ఈ రీఫండ్ల గురించి అనవసరంగా టెన్షన్ పడేది ఇక్కడే. ఏటా మూడు లక్షలో నాలుగు లక్షలో వడ్డీ కట్టే ఆయనకి ముప్పై వేలు వెనక్కొచ్చినా రిటర్న్‌లో కామా కూడా మారదు.

2023-24కి సర్టిఫికెట్ 2,09,700, క్లెయిమ్ 2,00,000. రీఫండ్ 17,900 తీస్తే 1,91,800. రెండు లక్షల కిందికి దిగింది. మీరు ఎక్కువ క్లెయిమ్ చేసింది 17,900 కాదు, 8,200 మాత్రమే. మిగతా 9,700 ఎలాగూ పరిమితి పైన ఉన్నదే. 8,200 మీద 20 శాతం 1,640, దానిమీద 4 శాతం సెస్ కలిపితే సుమారు 1,706 రూపాయలు మీరు తక్కువ కట్టిన పన్ను.

2024-25 తేలిక. సర్టిఫికెట్ 1,86,400, ఈ సంవత్సరానికి చెందిన రీఫండ్ 12,500, వేయాల్సిన అంకె 1,73,900. రిటర్న్ ఇంకా వేయలేదన్నారు, మంచిదైంది. ఫిబ్రవరిలో డీడీఓకి (జీతం బిల్లు చేసే అధికారికి) ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో 1,86,400 రాసి ఉంటారు, ఫారం 16లో (జీతం, కోసిన పన్ను చూపే సర్టిఫికెట్‌లో) అదే వచ్చి ఉంటుంది. ఫారం 16లో ఉన్నదే రిటర్న్‌లో ఉండాలని ఎక్కడా లేదు. ఎక్కువ క్లెయిమ్ చేస్తేనే డిపార్ట్‌మెంట్ నుంచి ప్రశ్న వస్తుంది, తక్కువ క్లెయిమ్ చేసినందుకు ఎవరూ అడగరు. 12,500 మీద సెస్‌తో కలిపి 2,600 పన్ను పెరుగుతుంది. టీడీఎస్ ఎక్కువ కోసి ఉంటే మీకొచ్చే పన్ను రీఫండ్‌లో ఆ మేరకు తగ్గుతుంది, లేకపోతే పోర్టల్‌లో ఈ-పే ట్యాక్స్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్ కింద కట్టేసి చలాన్ వివరాలు రిటర్న్‌లో వేయండి.

సరే, ఆ 8,200 సంగతి. 2023-24 ఆర్థిక సంవత్సరం అంటే 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ (ఆ ఆదాయం లెక్క తేల్చే తర్వాతి సంవత్సరం). రివైజ్డ్ రిటర్న్ (వేసిన రిటర్న్‌ని సరిచేసి మళ్లీ వేయడం) గడువు 2024 డిసెంబర్ 31 నుంచి పొడిగించినా 2025 జనవరి 15తో పోయింది, మీ డబ్బు వచ్చిందే ఆ జనవరిలో. ఇక మిగిలింది అప్‌డేటెడ్ రిటర్న్, సెక్షన్ 139(8ఏ), జనం ఐటీఆర్-యూ అంటారు. అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన 12 నెలల్లోపు వేస్తే, తక్కువైన పన్ను, దాని మీద వడ్డీ ఏమైనా పడితే అదీ కలిపిన మొత్తంపై 25 శాతం అదనంగా కట్టాలి. 24 నెలల్లోపైతే 50 శాతం. అంతకుముందు అక్కడితో ఆగిపోయేది, 2025 బడ్జెట్‌తో 48 నెలల దాకా పొడిగించారు, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70 శాతం. మీకు 2026 మార్చి 31 వరకు 25 శాతమే. జీతం మీద టీడీఎస్ దాదాపు పూర్తిగా కోసేశారు కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ వడ్డీ మీకు పడకపోవచ్చు. 1,706కి 427 కలిపితే 2,130 చిల్లర. అంతే మొత్తం.

ఇంకో దారి ఉంది, చాలామంది అదే చేస్తారు, దాచడం ఎందుకు. ఆ 8,200ని కూడా ఈ సంవత్సరం వడ్డీలోంచే తీసేసి 1,65,700 అని వేయడం. మీ కేసులో స్లాబు అదే, ఈ సంవత్సరం వడ్డీ కూడా రెండు లక్షల లోపే, కాబట్టి ప్రభుత్వానికి రావాల్సిన 1,706 ఎలాగూ వచ్చేస్తుంది, మీకు 427 మిగులుతుంది. ఎవరో వచ్చి పట్టుకుంటారని నేను చెప్పను. కానీ కాగితం మీద రెండు సంవత్సరాలూ తప్పు అంకెలతో మిగిలిపోతాయి, అందులోనూ 2024-25 రిటర్న్‌ల నుంచి లోన్ వివరాలు అడుగుతున్నారు, సర్టిఫికెట్‌కీ మీ అంకెకీ తేడా ఎందుకని అడిగితే రెండు సంవత్సరాల కథ చెప్పుకోవాలి. 427 రూపాయల కోసం నేనైతే ఆ పని చెయ్యను, ఐటీఆర్-యూ వేస్తాను. మీరు ప్రభుత్వ ఉద్యోగి, ఇంకా సర్వీసు ఉంది, రికార్డు ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం శుభ్రంగా ఉండటమే మేలు.

ఈ అడ్డదారి అసలు పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. ఈ సంవత్సరం కూడా వడ్డీ రెండు లక్షలు బాగా దాటినవాడు పాత రీఫండ్‌ని ఇందులోంచి తీస్తే ఏమీ మారదు, అంటే పాత సంవత్సరంలో తక్కువ కట్టిన పన్ను తక్కువగానే ఉండిపోతుంది, దాన్ని సర్దుబాటు అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. అలాగే ఈ ఏడాది కొత్త విధానానికి మారినవాళ్లకి సొంతింటి వడ్డీ క్లెయిమే ఉండదు, దేంట్లోంచి తీస్తారు? 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను పడకుండా రిబేట్ వచ్చింది కాబట్టి వచ్చే ఏడాది మీ స్టాఫ్‌లో సగం మంది అటే పోతారు, వాళ్లకి పాత సంవత్సరాల వడ్డీ రీఫండ్ వస్తే ఆ పాత రిటర్న్ సరిచేయడం తప్ప దారి లేదు. పాత సంవత్సరంలోనూ కొత్త విధానంలోనే ఉన్నవాళ్లయితే అసలు క్లెయిమే చేయలేదు, రీఫండ్ జేబులో వేసుకుని పోవచ్చు.

ఏం చేయకుండా వదిలేస్తే ఏమవుతుందని మీరు చివర్లో అడిగారు. ఈ రీఫండ్ మామూలుగా ఏఐఎస్‌లో (మీ లావాదేవీలతో డిపార్ట్‌మెంట్ చూపించే వార్షిక పట్టికలో) కనిపించేది కాదు, అందుకే మీ ఊరి అబ్బాయి వదిలెయ్యమన్నాడు. కానీ కేసు తెరిస్తే ఆదాయం తక్కువ చూపినందుకు తక్కువైన పన్నుపై 50 శాతం, తప్పుడు సమాచారం ఇచ్చారని తేలిస్తే 200 శాతం పెనాల్టీ ఉంది, సెక్షన్ 270ఏ. 2025 జూలై 14న, తప్పుడు మినహాయింపులు వేయించి పన్ను రీఫండ్లు ఇప్పించే వాళ్ల మీద డిపార్ట్‌మెంట్ దేశమంతా 150 చోట్ల తనిఖీలు మొదలుపెట్టింది. మీ 8,200 వాళ్ల లక్ష్యం కాదు, నిజమే. కానీ రీఫండ్ మీ ఎస్బీ ఖాతాలోనే ‘ఇంట్రెస్ట్ రీఫండ్’ అని నరేషన్‌తో పడి ఉంది, తెలియదని చెప్పే వీలు మీకు లేదు.

ఇప్పుడు కాగితాలు. నోటిమాట లెక్క మీద ఏ రిటర్నూ వేయకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. సంవత్సరాల వారీగా ఎంతెంత వెనక్కిచ్చారో బ్యాంకు లెటర్‌హెడ్ మీదో, కనీసం బ్రాంచి అధికారిక మెయిల్ నుంచో రాయించుకోండి. మేనేజర్ ‘అది హెడ్డాఫీసులో చేశారు సార్, మా దగ్గర బ్రేకప్ లేదు’ అంటాడు, నూటికి తొంభై చోట్ల ముందు ఇదే మాట. లోన్ ఖాతా పూర్తి స్టేట్‌మెంట్ 2022 ఏప్రిల్ నుంచి తీసుకుని, ప్రతి నెల వేసిన రేటు పక్కన సాంక్షన్ లెటర్ ప్రకారం ఉండాల్సిన రేటు రాసి ఇవ్వండి, లెక్క వాళ్ల ముందు పెడితే లెటర్ త్వరగా వస్తుంది. ఆ సమయంలో మీకు అనుమానం రాకపోవడానికి కారణం కూడా ఆ స్టేట్‌మెంట్‌లోనే కనిపిస్తుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య ఆర్బీఐ రెపో రేటుని (బ్యాంకులకి తాను అప్పిచ్చే రేటుని) 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది, అందరి రేట్లూ నెలనెలా పెరుగుతున్నాయి, ఆ గోలలో స్ప్రెడ్ కూడా పెరిగిందని ఎవరు చూస్తారు?

సర్టిఫికెట్ గురించి ఇంకో జాగ్రత్త. మీ దాంట్లో రీఫండ్ కలవలేదు, కానీ కొన్ని చోట్ల సిస్టమ్ మొత్తం రీఫండ్‌ని వచ్చిన సంవత్సరం వడ్డీలోంచే తీసేసి నికర అంకె ఇస్తుంది. అది చూడకుండా మళ్లీ తీసేస్తే రెండుసార్లు తగ్గించినట్టవుతుంది. పరీక్షించడం సులభం, స్టేట్‌మెంట్‌లో ఏప్రిల్ నుంచి మార్చి వరకు వడ్డీ డెబిట్‌లు కూడండి, సర్టిఫికెట్ అంకెతో సరిపోతే రీఫండ్ తీయలేదని అర్థం. సరిపోకుండా సరిగ్గా రీఫండ్ అంత తేడా ఉంటే తీసేశారని అర్థం.

అలాగే కొందరికి డబ్బు ఎస్బీలో వేయరు, లోన్ అసలులోంచి తగ్గిస్తారు. అప్పుడు సర్టిఫికెట్‌లో ‘ప్రిన్సిపల్ రీపేమెంట్’ అంకె ఆ మేరకు ఉబ్బుతుంది. 80సి (పొదుపులకి, లోన్ అసలుకి కలిపి లక్షన్నర వరకు ఇచ్చే మినహాయింపు) కింద ఆ ఉబ్బిన అంకె వేయాలా? వాదించేవాళ్లు ఉన్నారు, నేను వేయను, నెలనెలా ఈఎంఐలో కట్టిన అసలు వరకే వేస్తాను. టీచర్లకి ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా), జీపీఎఫ్ (పీఎఫ్) లేదా సీపీఎస్ (పెన్షన్) కోతలు, పిల్లల ట్యూషన్ ఫీజుతోనే లక్షన్నర నిండిపోతుంది కాబట్టి ఈ వాదనకి పెద్ద విలువ కూడా లేదు.

రిటర్న్‌లో ఎక్కడ వేయాలో చెప్పి ముగిస్తాను అనుకున్నాను గానీ, కింద కామెంట్లలో ఒంగోలు నుంచి ఒకాయన తన ఇల్లు అద్దెకిచ్చానని, ఇంకొకావిడ ఇల్లు ఇంకా కడుతున్నారని రాశారు, వాళ్లకి కూడా.

అద్దెకిచ్చిన ఇంటికి వడ్డీ మీద రెండు లక్షల పరిమితి లేదు, ఎంత వడ్డీ అయితే అంత తీసుకోవచ్చు. కాబట్టి అక్కడ రీఫండ్‌లో ప్రతి రూపాయీ లెక్కలోకి వస్తుంది. పరిమితి వేరే చోట ఉంది, ఇంటి మీద వచ్చిన నష్టంలో జీతం లాంటి మిగతా ఆదాయాల్లోంచి ఏడాదికి రెండు లక్షలే తీయనిస్తారు, మిగిలింది ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లి ఇంటి ఆదాయంలోంచి మాత్రం తీసుకోవాలి. ఇదంతా పాత విధానంలో, కొత్తదాంట్లో ఇంటి నష్టాన్ని జీతంలోంచి తీయడం కుదరదు. ఒంగోలు సార్‌కి రీఫండ్ వల్ల ఆ సంవత్సరం పన్ను మారకపోయినా ముందుకు తెచ్చుకుంటున్న నష్టం అంకె తగ్గాలి, అది ఇప్పుడు వదిలేస్తే నాలుగేళ్ల తర్వాత ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కోవాల్సి వస్తుంది.

కడుతున్న ఇంటికి, పూర్తయ్యే సంవత్సరానికి ముందు మార్చి 31 వరకు పోగైన వడ్డీని, ఇల్లు పూర్తయిన సంవత్సరం నుంచి ఐదు సమాన భాగాలుగా తీసుకుంటారు. రీఫండ్ ఆ కాలానిదైతే ముందు ఆ పోగులోంచి తీసేసి తర్వాత ఐదుతో భాగించండి. ఈ రకం రీఫండ్లు ఈ మధ్య ఎక్కువగా కనబడటానికి కారణం ఉంది. 2024 ఏప్రిల్ 29న ఆర్బీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. డబ్బు చేతికిచ్చిన రోజు నుంచి కాకుండా సాంక్షన్ చేసిన రోజు నుంచో అగ్రిమెంట్ రోజు నుంచో వడ్డీ వేయడం, చెక్కు రాసి రోజుల తర్వాత ఇచ్చి చెక్కు మీది తేదీ నుంచే వడ్డీ లాగడం, నెల మధ్యలో ఇచ్చినా తీర్చినా నెల మొత్తానికీ వసూలు చేయడం, ఇలాంటివి తమ తనిఖీల్లో దొరికాయని, అది అన్యాయమని, అలా ఎక్కువ వసూలు చేసింది కస్టమర్లకి తిరిగి ఇవ్వాలని చెప్పింది. మేడమ్, మీ లోన్ అంతకు ముందుదైతే ఆ మొదటి చెక్కు తేదీ, అది మీ చేతికొచ్చిన తేదీ, వడ్డీ మొదలైన తేదీ, మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

భార్యాభర్తలిద్దరి పేరున లోన్ ఉండి ఇద్దరూ క్లెయిమ్ చేసుకుంటుంటే, డబ్బు ఎవరి ఖాతాలో పడిందన్నదానితో పని లేదు, వడ్డీ ఏ నిష్పత్తిలో పంచుకున్నారో రీఫండ్ కూడా అదే నిష్పత్తిలో. ఇద్దరికీ రెండేసి లక్షల పరిమితి విడివిడిగా చూడాలి, ఒకరికి మార్పు రాకపోవచ్చు, ఇంకొకరికి రావచ్చు.

రీఫండ్ ఆలస్యమైనందుకు బ్యాంకు పైన వడ్డీయో పరిహారమో కలిపి ఇచ్చి ఉంటే మాత్రం ఆ వడ్డీ భాగం ‘ఇతర ఆదాయం’లోకే పోతుంది, మేనల్లుడి మాట అక్కడికి సరిపోతుంది. మీ 41,600లో అలాంటిది ఏమైనా ఉందా అని కూడా లెటర్‌లో రాయించుకోండి. పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) సబ్సిడీ పడిందని, లోన్ తీరిపోయాక ఒక ఈఎంఐ అదనంగా కోసి వెనక్కిచ్చారని వచ్చేవాళ్లూ ఉంటారు, అవి వడ్డీ రీఫండ్లు కావు. సబ్సిడీ అసలుని తగ్గిస్తుంది, ఆ తర్వాత వడ్డీ తనంతట తనే తగ్గి సర్టిఫికెట్‌లో వస్తుంది. అదనపు ఈఎంఐ మీ డబ్బు మీకు రావడమే.

ఇక రిటర్న్. మీకు జీతం, ఒక ఇల్లు, కొంచెం బ్యాంకు వడ్డీ కాబట్టి ఐటీఆర్-1 చాలు. పాత విధానం కావాలంటే కొత్త విధానం నుంచి బయటికి వస్తున్నట్టు మొదట్లోనే ఎంచుకోవాలి, అదీ గడువులోపు వేసే రిటర్న్‌లోనే కుదురుతుంది. 2024-25 రిటర్న్‌కి ఆ గడువు 2025 సెప్టెంబర్ 15. అది దాటి వేస్తే మీలాంటి జీతం మనిషికి కొత్త విధానమే గతి, అప్పుడు 12,500 కాదు, మొత్తం 1,73,900 వడ్డీ క్లెయిమే పోతుంది. బ్యాంకు లెటర్ ఆలస్యమైతే దానికోసం కూర్చోకండి, స్టేట్‌మెంట్ నుంచి మీరు వేసిన లెక్కతో గడువులోపు వేసేయండి. లెటర్ వచ్చాక తేడా ఉంటే 2025 డిసెంబర్ 31 వరకు రివైజ్ చేసుకోవచ్చు, దానికి అదనపు పన్ను 25 శాతం లాంటిదేమీ లేదు.

ఇంటి ఆదాయం దగ్గర ‘సెల్ఫ్ ఆక్యుపైడ్’ పెట్టగానే వడ్డీ వివరాలు అడుగుతుంది. బ్యాంకు పేరు, లోన్ ఖాతా నంబరు, సాంక్షన్ తేదీ, మొత్తం లోన్, మార్చి 31 నాటికి బాకీ, తర్వాత వడ్డీ. వడ్డీ గడిలో 1,73,900 వేయండి. రీఫండ్ కోసం వేరే గడి వెతకొద్దు, లేదు. రిటర్న్‌తో కాగితాలు ఏవీ జత చేయక్కర్లేదు కాబట్టి సర్టిఫికెట్, లెటర్, స్టేట్‌మెంట్, మీరు కూడిన కాగితం ఒక కవర్లో పెట్టి ఉంచుకోండి. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి.

ఇది అయ్యాక తీరిగ్గా 2023-24 ఐటీఆర్-యూ వేయొచ్చు, 25 శాతంతోనే 2026 మార్చి 31 దాకా టైముంది, కాకపోతే ఫిబ్రవరి, మార్చిలో మీకు పరీక్షలు, స్టేట్‌మెంట్లు అన్నీ ఒకేసారి నెత్తిమీద పడతాయి కాబట్టి దసరా సెలవుల్లో చేసేయండి. ముందు పన్ను కట్టి ఆ చలాన్ వివరాలతోనే ఐటీఆర్-యూ వేయాలి, కట్టకుండా తీసుకోదు. పాత రిటర్న్‌లో ఉన్న అంకెలన్నీ అలాగే ఉంచి వడ్డీ 2,00,000 స్థానంలో 1,91,800 మార్చండి, ఇంకేమీ కదిలించకండి. అప్పట్లో మర్చిపోయిన మినహాయింపు ఏదో గుర్తొచ్చిందని ఇందులో కలిపి పన్ను తగ్గించుకుందామంటే కుదరదు, పన్ను తగ్గించడానికో రీఫండ్ పెంచుకోవడానికో ఐటీఆర్-యూ పనికిరాదు.

లెటర్ వచ్చాక సంవత్సరాల వారీ అంకెలు నేను పైన వాడినవాటితో తేడాగా ఉంటే ఇక్కడే రాయండి, 2022-23 కూడా మళ్లీ చూడాలి, అక్కడ రెండు లక్షలకి మీకున్న ఎడం 3,400 మాత్రమే. పాన్, లోన్ నంబరు మాత్రం పెట్టకండి.